కరాటే క్లాసుకు పంపే ముందు అడగాల్సింది ఫీజు ఒక్కటే కాదు

వీరపునాయునిపల్లె: వేసవి సెలవులు దగ్గర పడ్డాయంటే చాలు, కరాటే, టైక్వాండో, కిక్ బాక్సింగ్ క్యాంపుల పోస్టర్లు కనబడతాయి. మండలంలో ఉండే కుటుంబాలకు ప్రొద్దుటూరు, పులివెందుల, జమ్మలమడుగు అందుబాటులో ఉన్న ఊర్లు. అబ్బాయి సెల్‌ఫోన్ వదిలి ఒళ్లు వంచుతాడని, అమ్మాయికి ధైర్యం వస్తుందని పంపుతారు. ప్రభుత్వ బడుల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో అయితే సమగ్ర శిక్ష కింద 'రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్' పేరుతో ఆడపిల్లలకు ఆత్మరక్షణ శిక్షణ ఇప్పించే పథకమే ఉంది.

చేర్పించేటప్పుడు ఏం అడుగుతాం? నెలకు ఫీజు ఎంత, డ్రెస్సు ఎంత, పసుపు బెల్టు ఎన్నాళ్లకు వస్తుంది అని అడుగుతాం. మాస్టర్ కాకుండా ఇంకో పెద్ద మనిషి క్లాసులో ఉంటారా, మేము ఎప్పుడొచ్చినా కూర్చుని చూడొచ్చా, మాస్టర్‌కు పోలీసు వెరిఫికేషన్ అయిందా అని మాత్రం అడగం. అడిగితే మాస్టర్ ఏమనుకుంటాడో అని మొహమాటం. ఆ మొహమాటం వదలమని చట్టమే చెబుతోంది.

చట్టంలో క్రీడా అకాడమీ పేరు ఉంది

పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 2012లో వచ్చింది. 18 ఏళ్లు నిండని ప్రతి ఒక్కరూ ఈ చట్టం దృష్టిలో బిడ్డే, ఆడపిల్లయినా మగపిల్లాడయినా. దీని కింద 2020 మార్చిలో కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. పిల్లలతో నిత్యం పని ఉండే సంస్థలు తమ సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్ చేయించాలని, వారి గత చరిత్ర తెలుసుకోవాలని అందులో ఉంది. ఒక్కసారి చేయించి వదిలేస్తే చాలదు, కొంతకాలానికోసారి మళ్లీ చేయించాలి. పర్మినెంటు వాళ్లకైనా కాంట్రాక్టు వాళ్లకైనా ఇదే రూలు. ఆ సంస్థల జాబితాలో బడులు, శిశు సంరక్షణ కేంద్రాలతో పాటు క్రీడా అకాడమీలను కూడా పేరు పెట్టి చెప్పారు. పిల్లల భద్రత మీద సిబ్బందికి శిక్షణ ఇప్పించే బాధ్యత కూడా సంస్థదే.

కాబట్టి వెరిఫికేషన్ కాగితం అడిగితే మాస్టర్‌ను అనుమానించినట్టు కాదు. ఆటో ఎక్కేటప్పుడు లైసెన్సు ఉందా అని చూసుకోవడం లాంటిదే ఇది.

కరాటేలో ఈ జాగ్రత్త మరీ అవసరం. షోటోకాన్, గోజు ర్యు, షిటో ర్యు అని రకరకాల స్టైల్స్ ఉన్నాయి. ఒక్కో స్టైల్‌కు ఒక్కో అసోసియేషన్, మళ్లీ అందులో వర్గాలు. పై స్థాయిలోనే గొడవలు ఉన్నాయి. అంతర్గత తగాదాల వల్ల 2020లో ప్రపంచ కరాటే సమాఖ్య మన దేశ కరాటే అసోసియేషన్ గుర్తింపును తాత్కాలికంగా నిలిపేసింది. గోడకు ఫ్రేము కట్టి వేలాడదీసిన బ్లాక్ బెల్టు సర్టిఫికెట్ ఆ మనిషికి ఆట వచ్చని చెబుతుంది. పిల్లలతో ఎలా నడుచుకుంటాడో అది చెప్పదు.

మంచి ఉస్తాద్ దొరికితే చాలదా?

మన ప్రాంతంలో కుస్తీకి, కర్రసాముకు పాత చరిత్రే ఉంది. తాలింఖానా అనే మాట ఉర్దూ తాలీం నుంచి వచ్చిందే. పీర్ల పండగకు కర్ర తిప్పే కుర్రాళ్లకు ఉస్తాద్ మాటంటే మాటే. ఉస్తాద్ చెప్పింది ఎదురు మాట్లాడకుండా చేయడం ఈ విద్యలో మర్యాద. కరాటేలో కూడా క్లాసు మొదట్లో, చివర్లో వంగి నమస్కరించడం నేర్పుతారు. ఆ గౌరవంలో తప్పు లేదు. అయితే ఎదురు చెప్పకూడదని నేర్చుకున్న పిల్లలకు, చెప్పాల్సిన రోజు వచ్చినప్పుడు నోరు పెగలదు. అక్కడే కంచే చేను మేసే ప్రమాదం ఉంది.

కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2007లో 13 రాష్ట్రాల్లో 12 వేల మందికి పైగా పిల్లలతో మాట్లాడించి ఒక అధ్యయనం బయటపెట్టింది. ఆంధ్రప్రదేశ్ కూడా ఆ రాష్ట్రాల్లో ఒకటి. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని సగానికి పైగా, అంటే 53 శాతం మంది పిల్లలు చెప్పారు. వాళ్లలో మగపిల్లలు దాదాపు 53 శాతం, ఆడపిల్లలు 47 శాతం. వేధించిన వాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, వాళ్లు నమ్మినవాళ్లే. చాలామంది పిల్లలు ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

"మనకు ఉన్నది మగపిల్లాడే కదా, ఏం భయం" అనుకునే ఇళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. మగపిల్లాడు చెప్పుకోవడానికి ఇంకా సిగ్గుపడతాడు. కరాటే నేర్చుకునేవాడు తనను తాను కాపాడుకోలేకపోయాడంటే నవ్వుతారని భయపడతాడు. పన్నెండేళ్ల పిల్లాడు ఏ బెల్టు కట్టుకున్నా, తాను నమ్మిన పెద్దమనిషి ముందు పిల్లాడే.

కేరళలోని మలప్పురం జిల్లాలో 2024 ఫిబ్రవరిలో 17 ఏళ్ల విద్యార్థిని చాలియార్ నదిలో శవమై కనిపించింది. వేధింపులే కారణమని కుటుంబం ఆరోపించింది. ఆమెకు కరాటే నేర్పిన మాస్టర్‌ను పోలీసులు పోక్సో కింద అరెస్టు చేశారు. నేరం తేల్చాల్సింది కోర్టు. అయితే ఆ వార్త తర్వాత తల్లిదండ్రులకు మిగిలే ప్రశ్న ఒకటుంది: మన బిడ్డకు ఇలాంటి కష్టం వస్తే చెప్పుకోవడానికి క్లబ్బులో, ఇంట్లో ఎవరున్నారు?

అమెరికాలో జిమ్నాస్టిక్స్ జట్టు డాక్టర్‌గా ఉన్న లారీ నాసర్‌కు 2018 జనవరిలో 40 నుంచి 175 ఏళ్ల జైలు శిక్ష పడింది. 150 మందికి పైగా అమ్మాయిలు, మహిళలు కోర్టులో తమ గోడు చెప్పుకున్నారు. అతడు వైద్యం పేరుతో పిల్లల్ని ముట్టుకునేవాడు. కొన్నిసార్లు తల్లి అదే గదిలో ఉన్నా కనిపెట్టలేకపోయింది. పేరు, మెడల్స్, హోదా ఉన్నంత మాత్రాన ఎవరినీ ప్రశ్నించకుండా వదిలేయకూడదని ఆ కేసు ప్రపంచానికి చెప్పింది.

ముట్టుకోకుండా నేర్పలేరు, మరి హద్దు ఎక్కడ?

కరాటే, జూడో, కుస్తీ లాంటి వాటిలో చేయి తగలకుండా పాఠం చెప్పడం కష్టం. భుజం ఎక్కడుండాలి, మోకాలు ఎంత వంగాలి అని సరిచేయాల్సి వస్తుంది. అందుకే తప్పుగా ముట్టుకున్నా "టెక్నిక్ చూపించాను" అని తప్పించుకోవడం సులువు. పిల్లలకు కూడా అది పాఠమా, ఇంకేదైనానా అనేది అర్థం కాదు.

పద్ధతిగా నడిపే చోట కొన్ని అలవాట్లు కనిపిస్తాయి. మాస్టర్ ముందు మాటతో చెబుతాడు, తాను చేసి చూపిస్తాడు. అయినా రాకపోతే "చేయి సరిచేస్తాను" అని చెప్పి, అందరి ముందే సరిచేస్తాడు. ఆడపిల్లలకు మహిళా శిక్షకురాలు గానీ సీనియర్ అమ్మాయి గానీ చూపిస్తుంది. ఒకరినొకరు పట్టుకునే ఆటల్లో జోడీ కట్టేటప్పుడు ఆడ-మగ తేడా, వయసు, బరువు చూస్తారు. బట్టలు మార్చుకునే చోటికి పెద్దవాళ్లు వెళ్లరు. బిడ్డ వద్దంటే అక్కడితో ఆపేస్తారు.

స్పెషల్ క్లాసని ఒక్కరినే ఉంచడం, తలుపు వేసుకోవడం, మసాజ్ చేస్తాననడం, ఒళ్లు కొలుస్తాననడం, "ఈ సంగతి మన మధ్యనే" అనడం ఏ స్టైల్‌లోనూ పాఠం కావు. పరాయివాళ్లతో ఏకాంతం వద్దని మన ఇళ్లలో ఆడపిల్లలకు చెబుతూనే ఉంటాం. అదే జాగ్రత్త మగపిల్లల విషయంలోనూ పెట్టుకోవాలి.

మొదట మంచిగానే ఉంటుంది

ఇలాంటి మనుషులు మొదటి రోజే తప్పుగా ప్రవర్తించరు. ముందు ఇంటివాళ్ల నమ్మకం సంపాదిస్తారు. "మీ వాడిలో టాలెంట్ ఉంది, ఫీజు వద్దులే" అంటారు. ఇంటికొచ్చి చాయ్ తాగిపోతారు. పిల్లలకు షూస్, ఫోన్ రీచార్జ్ లాంటివి ఇస్తారు. రాత్రిపూట వాట్సాప్‌లో విడిగా మెసేజ్‌లు మొదలవుతాయి. తర్వాత బెల్టు పరీక్ష, టోర్నమెంటు సెలక్షన్ చూపించి భయపెడతారు. బిడ్డకు ఏదో తేడాగా ఉందని తెలిసేసరికి ఆ మనిషికి ఇల్లంతా రుణపడి ఉంటుంది.

ఫీజు తగ్గించే ప్రతి మాస్టర్ చెడ్డవాడని దీనర్థం కాదు. పేద పిల్లలకు ఉచితంగా నేర్పే మంచివాళ్లు ఎందరో ఉంటారు. తేడా ఎక్కడంటే, మంచివాడు రాయితీని అందరికీ తెలిసేలా ఇస్తాడు. అందుకే డబ్బు లెక్క కూడా పిల్లల భద్రతలో భాగమే. నెల ఫీజు ఎంత, బెల్టు పరీక్షకు ఎంత, టోర్నమెంటుకు ఎంత అనేది ముందే రాసి ఉండాలి. కట్టిన ప్రతి రూపాయికి రసీదు ఉండాలి. క్లబ్ సొసైటీగా నడుస్తుంటే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద రిజిస్టర్ అయి ఉంటుంది, నంబరు అడగొచ్చు. రసీదు మీద పేరు, నంబరు ఉన్న క్లబ్‌ను రేపు ఏదైనా జరిగితే నిలదీయడం కుదురుతుంది.

పల్లెల్లో ఇంకో ఇబ్బంది ప్రయాణం. సాయంత్రం క్లాసు అయ్యేసరికి బస్సు పోతుంది. "మాస్టర్ బైకు మీద దింపుతాడులే" అంటాం. పనులకు పోయే ఇంట్లో ఇది తప్పనిసరిలా కనిపిస్తుంది. ఒకే వీధి నుంచి ముగ్గురు నలుగురు పిల్లలు పోతుంటే, తల్లిదండ్రులు వంతులు వేసుకుని తెచ్చుకోవచ్చు. లేదంటే బస్సు టైముకు తగ్గట్టు క్లాసు పెట్టమని అందరూ కలిసి అడగొచ్చు. పదిమంది అడిగితే మాస్టర్ వింటాడు.

టోర్నమెంటు అని హైదరాబాద్, చెన్నై, బెంగళూరు తీసుకెళ్తామంటే ఇంకా గట్టిగా అడగాలి. ఎవరెవరు వస్తున్నారు, ఎక్కడ దిగుతారు, పిల్లల గదిలో ఎవరుంటారు అనేది రాతపూర్వకంగా తీసుకోవాలి. పెద్దవాళ్లు, పిల్లలు ఒకే గదిలో పడుకోకూడదు. ఆడపిల్లలు ఉంటే వెంట ఒక మహిళ తప్పక ఉండాలి. వీలైతే ఇంటి నుంచి ఒకరు వెళ్లడమే మేలు.

దెబ్బలు, శిక్షలు కూడా భద్రత లెక్కలోకే వస్తాయి

వేధింపు అంటే లైంగికమైనదే కానక్కర్లేదు. ఆలస్యంగా వచ్చాడని కర్రతో కొట్టడం, ఏడిస్తే అందరి ముందు "ఆడపిల్లవా" అని ఎగతాళి చేయడం, వాంతి అయ్యేదాకా గుంజిళ్లు తీయించడం క్రమశిక్షణ అనిపించుకోవు. తన చేతి కింద ఉన్న బిడ్డను కొట్టినా, అనవసరంగా శారీరక, మానసిక బాధ పెట్టినా 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

బడి వార్షికోత్సవాల్లో తలతో పెంకులు పగలగొట్టించడం, చేతుల మీదుగా బైకులు పోనివ్వడం లాంటివి చేయిస్తుంటారు. చప్పట్లు మాస్టర్‌కు, దెబ్బ బిడ్డకు. ఇలాంటి దానికి సంతకం పెట్టమంటే పెట్టకండి. స్పారింగ్‌లో పదేళ్ల పిల్లాడి మీదికి పదిహేనేళ్ల వాడిని వదలకూడదు. మౌత్ గార్డ్, గ్లవ్స్ లేకుండా స్పారింగ్ వద్దు. తలకు దెబ్బ తగిలాక తలనొప్పి, వాంతి, మగత, తికమకగా మాట్లాడటం కనిపిస్తే ఆట అక్కడితో ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. "లే, ఏం కాలేదు" అని మళ్లీ బరిలోకి దింపడం ప్రాణం మీదికి తెస్తుంది.

కడప ఎండ సంగతి చెప్పక్కర్లేదు, 40 డిగ్రీలు దాటుతుంది. మధ్యలో నీళ్లు తాగనివ్వాలి. పిల్లలు రమజాన్ రోజా ఉంటే మాస్టర్‌కు ముందే చెప్పండి, ఆ రోజుల్లో బరువు వ్యాయామం తగ్గించమనండి. తక్కువ బరువు విభాగంలో ఆడించాలని బిడ్డ తిండి మాన్పించమంటే ఒప్పుకోవద్దు.

చేర్పించే ముందు అడగాల్సినవి

ఇంగ్లండ్‌లో మార్షల్ ఆర్ట్స్ క్లబ్బుల కోసమే పిల్లల రక్షణ కోడ్ ఒకటి ఉంది. ఆ గుర్తింపు కావాలంటే శిక్షకుల నేర చరిత్ర తనిఖీ జరగాలి, పిల్లల రక్షణ మీద వాళ్లు శిక్షణ తీసుకోవాలి, ఫిర్యాదు ఎవరికి చెప్పాలో రాసి ఉండాలి. మన దగ్గర అలాంటి గుర్తు చూసి క్లబ్ ఎంచుకునే వీలు లేదు కాబట్టి ఆ పని తల్లిదండ్రులే చేయాలి. ఈ ప్రశ్నలు ఫోన్‌లో దాచుకోండి:

1. నేర్పే ప్రతి ఒక్కరికీ, అసిస్టెంట్లకు కూడా, పోలీసు వెరిఫికేషన్ అయిందా? ఎప్పుడు అయింది?
2. క్లాసు జరిగినంతసేపు కనీసం ఇద్దరు పెద్దవాళ్లు ఉంటారా? ఆడపిల్లల బ్యాచ్‌లో మహిళ ఉంటుందా?
3. తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి చూడొచ్చా? తలుపు తెరిచే ఉంటుందా?
4. బట్టలు మార్చుకోవడానికి, టాయిలెట్‌కు వేరే చోటు ఉందా?
5. మెసేజ్‌లు తల్లిదండ్రులు ఉన్న గ్రూపులోనే వస్తాయా, పిల్లలకు విడిగా వస్తాయా?
6. ఫొటోలు, రీల్స్ పెట్టే ముందు మా అనుమతి తీసుకుంటారా?
7. దెబ్బ తగిలితే ఏం చేస్తారు? ఫస్ట్ ఎయిడ్ బాక్స్ ఉందా? దగ్గర్లో ఏ ఆసుపత్రి?
8. మాస్టర్ మీదే ఫిర్యాదు ఉంటే ఎవరికి చెప్పాలి?

ఎనిమిదో ప్రశ్నకు చాలా చోట్ల జవాబు ఉండదు. మాస్టరే యజమాని, మాస్టరే సెక్రటరీ. అలాంటప్పుడు తల్లిదండ్రుల్లోంచి ఇద్దరిని, అందులో ఒక మహిళను, పిల్లలు చెప్పుకునే మనుషులుగా పెట్టుకుని వాళ్ల ఫోన్ నంబర్లు గోడకు అంటించమనండి. ఖర్చు లేని పని.

ఈ పద్ధతులు మంచి మాస్టర్లకు కూడా రక్షణే. నలుగురి ముందు, తెరిచిన తలుపు మధ్య నేర్పేవాడి మీద నింద పడే అవకాశం తక్కువ. ప్రశ్నలు అడిగితే సంతోషంగా జవాబు చెప్పేవాడు దొరికాడంటే ఆ క్లబ్‌ను వదులుకోవద్దు. "నమ్మకం లేకపోతే తీసుకుపోండి" అని కసిరితే ఆ మాట వినడమే మంచిది.

బిడ్డ ఏదైనా చెబితే

ఇష్టంగా పోయే క్లాసుకు ఉన్నట్టుండి పోననడం, మాస్టర్ పేరెత్తితే మాట మార్చడం, నిద్రలో ఉలిక్కిపడటం, పక్క తడపడం, ఫోన్ దాచుకోవడం, ఎక్కడివో చెప్పలేని బహుమతులు ఇంటికి తేవడం కనిపిస్తే పక్కన కూర్చుని మాట్లాడాలి. వీటికి వేరే కారణాలూ ఉండొచ్చు. అయినా అడగడం వల్ల పోయేదేం లేదు.

చెప్పినప్పుడు మొదటి ఐదు నిమిషాలు ముఖ్యం. "నువ్వెందుకు పోయినావు?", "ముందే ఎందుకు చెప్పలేదు?" అంటే బిడ్డ మళ్లీ నోరు తెరవదు. "మంచి పని చేశావు చెప్పి. నీ తప్పేం లేదు. ఇక మేం చూసుకుంటాం" అనండి. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయొద్దు, చెప్పాల్సి వస్తుంది. చాచా, ఫుప్పూ, నానీ అందరి ముందూ ఒకే కథ మళ్లీ మళ్లీ చెప్పించొద్దు. బిడ్డ చెప్పిన మాటలు అదే రోజు, అవే మాటల్లో, తేదీ వేసి రాసుకోండి. మెసేజ్‌లు, ఫొటోలు చెరిపేయకండి. కోపంతో మాస్టర్ ఇంటి మీదికి పోతే సాక్ష్యాలు మాయమవుతాయి, కేసు మన మీదికే తిరగొచ్చు.

పెద్దమనుషుల రాజీ చెల్లదు

మన దగ్గర ఇలాంటివి చాలావరకు ఇంట్లోనే అణగిపోతాయి. ఇజ్జత్ పోతుందని, బిడ్డ బద్నామ్ అవుతుందని, రేపు సంబంధాలు రావని. పెద్దమనుషులు కూర్చుని మాస్టర్‌ను ఊరు వదిలి పొమ్మంటారు. అతను ఇంకో ఊర్లో ఇంకో బోర్డు పెడతాడు. ఇక్కడ మాత్రం అమ్మాయి బడి ఆగిపోతుంది, తొందరగా నికాహ్ మాట మొదలవుతుంది. తప్పు ఒకరిది, శిక్ష ఇంకొకరికి. పిల్లలు మన చేతిలో అల్లాహ్ పెట్టిన అమానత్ అని నమ్మేవాళ్లు, ఆ అమానత్‌కు జరిగిన జుల్మ్‌ను కప్పిపెట్టడం ఇజ్జత్ ఎలా అవుతుందో ఆలోచించాలి.

చట్టం కూడా కప్పిపెట్టడాన్ని ఒప్పుకోదు. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. సంస్థ నడిపేవాళ్లు తమ కింద పనిచేసేవాడి నేరం దాచితే ఏడాది దాకా జైలు, జరిమానా. పిల్లలకు ఈ శిక్ష వర్తించదు. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవారికి చట్టం రక్షణ ఇస్తుంది.

రాజస్థాన్‌లో ఒక బడి టీచర్ విద్యార్థినిని తప్పుగా తాకాడని కేసు నమోదైంది. తర్వాత తండ్రికి, టీచర్‌కు రాజీ కుదిరిందని అక్కడి హైకోర్టు కేసు కొట్టేసింది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనబెట్టి కేసు నడవాలని చెప్పింది. ఇలాంటి నేరాలు రెండు కుటుంబాల మధ్య గొడవ కావని, సమాజం మీద నేరాలని దాని సారాంశం. "బట్టల మీద నుంచే కదా" అనే వాదన కూడా చెల్లదని సుప్రీంకోర్టు 2021 నవంబర్‌లోనే తేల్చింది.

బిడ్డ నమ్మకాన్ని, తన హోదాను వాడుకుని నేరం చేసినవాడికి పోక్సో ఇంకా పెద్ద శిక్ష వేస్తుంది. లైంగిక ఉద్దేశంతో తాకితే ఐదు నుంచి ఏడేళ్లు. అత్యాచారమైతే, 2019 సవరణ తర్వాత, కనీసం 20 ఏళ్లు. అసభ్యంగా మాట్లాడినా, ఫోన్‌లో బూతు చూపించినా మూడేళ్ల దాకా జైలు. "ఇద్దరికీ ఇష్టమే" అనే మాట 18 ఏళ్ల లోపు పిల్లల విషయంలో చట్టం ముందు నిలవదు. పదిహేడేళ్ల అమ్మాయికి, ఇరవై రెండేళ్ల అసిస్టెంట్ మాస్టర్‌కు మధ్య అయినా ఇంతే.

ఫిర్యాదు చేస్తే ఏం జరుగుతుంది?

పోలీసు స్టేషన్ అంటేనే వెనకడుగు వేసేవాళ్లు ఇవి తెలుసుకోవాలి. బిడ్డ వాంగ్మూలం ఇంట్లో గానీ, బిడ్డ కోరుకున్న చోట గానీ తీసుకోవాలి. వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా వచ్చి తీసుకోవాలి. తల్లిదండ్రులు గానీ, బిడ్డకు నమ్మకమున్నవారు గానీ పక్కన ఉండొచ్చు. రాత్రిపూట ఏ కారణంతోనూ బిడ్డను స్టేషన్‌లో ఉంచకూడదు. ఆడపిల్లకు వైద్య పరీక్ష మహిళా డాక్టరే చేయాలి. అత్యవసర వైద్యానికి కాగితాలు తెమ్మని ఆసుపత్రి అడగకూడదు.

పేరు, ఫొటో, ఇల్లు, బడి వివరాలు పత్రికలు గానీ, సోషల్ మీడియాలో ఎవరైనా గానీ బయటపెడితే అదే నేరం. వాట్సాప్ గ్రూపుల్లో "మన ఊరి ఫలానా వాళ్ల అమ్మాయి" అని ఫార్వర్డ్ చేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. విచారణ ప్రత్యేక కోర్టులో జరుగుతుంది. నిందితుడు బిడ్డ కంటపడకుండా చూడాలి. వీలైనంత వరకు ఏడాదిలో విచారణ పూర్తి చేయాలని చట్టం చెబుతుంది. పరిహారం అడిగే హక్కు ఉంది, లాయర్‌ను పెట్టుకోలేకపోతే న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది.

ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. నేరం వేరే ఊర్లో జరిగినా, మనకు దగ్గరలోని స్టేషన్‌లో జీరో ఎఫ్ఐఆర్ రాయించుకోవచ్చు. స్టేషన్‌లో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి.

మాన్పించడం జవాబు కాదు

ఇదంతా చదివి "అయితే పంపేదే వద్దు" అనుకుంటే నష్టపోయేది పిల్లలే. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌కు మొదట బాక్సింగ్ నేర్పించింది తండ్రే. ఆయనే వెంట నిలబడ్డాడు. ఆమె 2022లో, 2023లో ప్రపంచ చాంపియన్ అయింది. హైదరాబాద్ అమ్మాయి సయ్యదా ఫలక్ కరాటేలో అంతర్జాతీయ పతకాలు తెచ్చింది. హిజాబ్ అడ్డం అనుకునేవాళ్లకు కూడా జవాబుంది. తలకు కట్టుకునే ప్రత్యేక స్కార్ఫ్‌తో ఆడటానికి ప్రపంచ కరాటే సమాఖ్య 2013 నుంచి అనుమతిస్తోంది.

పెద్దవాళ్లు వెనకాల ఉన్న పిల్లల మీద చేయి వేయడానికి చెడ్డవాడు జంకుతాడు. వారానికొకసారి పోయి క్లాసు బయట పది నిమిషాలు కూర్చోండి. ఇంటికి వచ్చాక "ఎన్ని పంచ్‌లు కొట్టినావు?"తో పాటు "ఈ రోజు నీకు నచ్చనిది ఏమైనా జరిగిందా?" అని కూడా అడగండి. మస్జిద్ కమిటీలు సెలవులకు ముందు ఒక జుమా రోజు ఈ విషయం మీద మాట్లాడించగలిగితే, అడగడానికి మొహమాటపడే తండ్రులకు ధైర్యం వస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సిన నంబర్లు

1098: పిల్లల హెల్ప్‌లైన్, 24 గంటలూ ఉచితం. పిల్లలే చేయొచ్చు
112: పోలీసు, అత్యవసర సాయం
181: మహిళల హెల్ప్‌లైన్
15100: ఉచిత న్యాయ సహాయం

1098 నంబరును పిల్లల చేత నోటికి చెప్పించండి. టేబుల్స్ నేర్చుకున్నంత సులువుగా వచ్చేస్తుంది.